సింగపూరు, న్యూయార్కు: దూరమెంత? కాలమెంత?

సింగపూరు విమానాశ్రయమునకును న్యూయార్కు విమానాశ్రయమునకును నడుమ దూరమెంత యని మన పాఠశాలలో ఏ బాలుని అడిగినను, ఇంటియొద్ద నున్న ఫోను నొక్కి అరనిమిషములో సుమారు 15,350 కిలోమీటర్లని సంఖ్య తెచ్చి చూపగలడు. ప్రయాణమున కెంత కాలము పట్టునని యడిగినచో 18 గంటల 40 నిమిషములో, ఇంచుమించుగా అంతయో యని మరియొక సంఖ్యయు చూపగలడు. ఆ రెండు సంఖ్యలును తప్పులు కావు. అయినను వానిని చెప్పినంత మాత్రమున ఆ బాలునికి భూగోళ శాస్త్రము వచ్చినదని మేము నమ్మము. ఆ దూరము ఏ దారిని కొలిచినది? ఆ కాలము ఎచ్చటినుండి ఎచ్చటివరకు లెక్కించినది? ఈ ప్రశ్నలు తనకు తానే వేసికొననేరని వానికి ఆ సంఖ్యలవలన కలుగు ప్రయోజనము స్వల్పము. ఈ విషయమును మన పాఠశాల గోడల నడుమ మేమనేక పర్యాయములు చెప్పియున్నాము. ఈ యేడు తల్లిదండ్రులు కూడ చదువుదురని పత్రికలో వ్రాయుచున్నాము.

ఈ రెండు పట్టణములనే ఎంచుకొనుటకు కారణము కలదు. సింగపూరులోని చాంగీ విమానాశ్రయమునుండి న్యూయార్కులోని జాన్ కెనడీ విమానాశ్రయమునకు నడుమ ఎచ్చటను దిగక పోవు విమానము 2020వ సంవత్సరము నవంబరు నెలలో నడువనారంభించెను. అంతకు ముందు 2018 అక్టోబరు నుండి న్యూయార్కు పొరుగుననే యున్న న్యూవార్కునకు అట్టి విమానము నడచుచుండెను. ప్రపంచమున ఒక్క యెత్తున సాగు ప్రయాణములలో ఇవి మిక్కిలి దీర్ఘమైనవానిలో చేరినవి. మరియు ఒక బిడ్డ సింగపూరునను, ఒక బిడ్డ అమెరికాలోను ఉన్న కుటుంబములు మన ప్రాంతమున నేడు అరుదు కావు. కావున ఇది దూరపు కథ కాదు.

ముందుగా గ్లోబును తీసికొనుడు. సింగపూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా 1.4 డిగ్రీల యక్షాంశమున నున్నది. న్యూయార్కు విమానాశ్రయము 40.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. రేఖాంశములు చూడుడు: ఒకటి తూర్పున 104, రెండవది పడమట 73.8. రెంటిని కూడిన 177.8. అనగా ఈ రెండు పట్టణములును భూగోళముపై ఇంచుమించుగా ఒకదాని కెదురుగా నొకటి యున్న రేఖాంశములపై నున్నవి. అట్టి రెండు స్థలముల నడుమ అన్నింటికంటె దగ్గర దారి తూర్పునకును కాదు, పడమటికిని కాదు. నేరుగా ఉత్తర ధ్రువము మీదుగా నుండును. సింగపూరు నుండి ధ్రువమునకు 90లో 1.4 పోగా 88.6 డిగ్రీలు. ధ్రువము నుండి న్యూయార్కునకు 90లో 40.6 పోగా 49.4 డిగ్రీలు. మొత్తము 138. భూగోళముపై ఒక్కొక్క డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. హెచ్చించి చూడుడు: 15,318. ఫోను చెప్పిన సంఖ్యకును, ఎనిమిదవ తరగతి బాలుడు బలపముతో వేసిన లెక్కకును నడుమ భేదము ముప్పదిరెండు కిలోమీటర్లు మాత్రమే. ఈ లెక్కను తరగతిలో వేయించిన దినమున పిల్లల ముఖములలో కనబడు వెలుగు ఫోనును చూచి సంఖ్య చదివిన దినమున మాకెన్నడును కనబడలేదు.

ఇప్పుడు తరగతి గోడనున్న మ్యాపును చూడుడు. దానిలో ఉత్తర ధ్రువము ఒక బిందువుగా లేదు. పైయంచున నిలువెల్ల సాగదీయబడిన గీతగా నున్నది, లేక అసలే లేదు. సింగపూరు కుడివైపునను న్యూయార్కు ఎడమవైపునను ఉన్నవి. ఆ మ్యాపును చూచి పెరిగిన బాలుడు విమానము అరేబియా మీదుగాను ఐరోపా మీదుగాను పడమటికి పోవునని తలచుట సహజమే. 1569లో మెర్కేటరు అను పండితుడు ఓడ నడుపువారి సౌకర్యముకొరకు కల్పించిన పద్ధతి యది. దిక్సూచిని పట్టి సముద్రముపై పోవువానికి అది మేలైన సాధనమే. కాని బత్తాయి తొక్కను ఒలిచి బల్లపై పరచినచో అది చీలకుండ పరచుకొనునా? చీలకుండ పరచవలెనన్న అంచులను సాగదీయవలెను. ఆ సాగదీతవలననే గ్రీన్లాండు ఆఫ్రికా ఖండమంత కనబడుచున్నది. నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు పెద్దది. తరగతిలో గోడమ్యాపు ఒక్కటే యుంచి, గ్లోబును బీరువాలో పెట్టి తాళము వేయుట మేము ఒప్పుకొనము.

దూరము సంగతి యట్లుండగా, కాలము సంగతి మరియు చిక్కైనది. ఈ కాలపు పెద్ద విమానము ఆకాశమున గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగమున పోవును. 15,350ని 900 చేత భాగించిన 17 గంటలు వచ్చును. టిక్కెట్టుపై మాత్రము 18 గంటల 40 నిమిషములో, కాలమును బట్టి అంతకు కొంచె మెక్కువయో ఉండును. మిగిలిన గంటన్నరకు పైబడిన కాలము ఏమైనది? కొంత భాగము సులభముగా చెప్పవచ్చును. టిక్కెట్టుపై వ్రాసిన కాలము విమానము తలుపు మూసి చక్రము కదలినప్పటినుండి, ఆవలి విమానాశ్రయమున నిలిచినంతవరకు లెక్కింపబడును. నేలపై మెల్లగా పోవుట, ఎత్తునకు ఎక్కుట, దిగుట, వరుసలో వేచియుండుట అన్నియు దానిలోనివే. మిగిలిన భాగమునకు కారణము దారియే. మనము దారము పట్టి కొలిచిన దారిని విమానము పోదు.

సింగపూరు నుండి బయలుదేరిన విమానము తరచుగా ఈశాన్యముగా పోయి, జపాను సమీపమున తిరిగి, పసిఫిక్ మహాసముద్రపు ఉత్తర భాగమును దాటి అమెరికా చేరుచున్నది. అట్లు పోవుటచే నడచిన దూరము 16,000 కిలోమీటర్లకు మించుట కలదు. తిరిగి వచ్చునప్పుడు ఆ దినపు గాలులను బట్టి ధ్రువప్రాంతము మీదుగానో, అట్లాంటికు సముద్రమును ఐరోపాను దాటియో రావచ్చును. ఈ వంకర యంతయు గాలి కొరకే. భూమికి తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు మహావేగముతో వీచు గాలి ప్రవాహములు కలవు. వానిని జెట్ ప్రవాహములందురు. వాని వేగము గంటకు 160 కిలోమీటర్లకు మించుట సామాన్యము. శీతకాలమున 300కు పైబడుటయు కలదు. ఆ ప్రవాహములో దిగిన విమానము ఏటిలో దిగువకు పోవు పడవవంటిది. ఎదురు వచ్చు విమానము సంగతి చెప్పనేల?

ఇచ్చట ఒక మాట పక్కకు చెప్పక యుండలేము. ఈ గాలులను తొలుత శ్రద్ధగా కొలిచినవారిలో జపాను దేశస్థుడగు వసాబురో ఓయిషి ముఖ్యుడు. 1920 దశాబ్దములో ఆయన తతెనో పరిశోధనాలయమునుండి బెలూనులను విడిచి, దూరదర్శినితో వానిని వెంటాడి చూచి ఈ సంగతి కనుగొనెను. లోకమంతయు చదువవలెనను ఆశతో తన నివేదికను ఎస్పెరాంటో అను కల్పిత భాషలో 1926లో ప్రకటించెను. ఆ భాష తెలిసినవారు కొద్దిమందియే యగుటచే లోకము దానిని చదువలేదు. 1944లో జపానుపై బాంబులు వేయబోయిన అమెరికా విమానములు ఆ గాలులలో చిక్కుకొని తబ్బిబ్బయినప్పుడు గాని పలువురికి వాని బలము తెలియరాలేదు.

తూర్పునకు పోవు విమానము త్వరగా చేరుటకు కారణము వ్రాయుమన్నచో, "భూమి తిరుగుచున్నది గనుక" అని మన విద్యార్థులలో పలువురు వ్రాయుచున్నారు. పెద్దలు కూడ అట్లే చెప్పగా మేము వింటిమి. భూమి తిరుగునది పడమటినుండి తూర్పునకే. భూమి తనంతట తాను తిరిగి విమానమును పైననే వదలివేయునట్లయిన, పడమటికి పోవు విమానమే త్వరగా చేరవలసి యుండును గదా! అట్లు జరుగుట లేదు. గాలియు భూమితో కూడ తిరుగుచున్నది. ఆ గాలిలోని విమానమును దానితోడనే తిరుగుచున్నది. కదలుచున్న రైలుపెట్టెలో ఎగురు ఈగ వెనుక గోడకు కొట్టుకొనునా? భూమి తిరుగుటకును ఈ గాలులు పడమటినుండి వీచుటకును సంబంధము లేకపోలేదు. కాని విమానమునకు లాభము కలిగించునది గాలియే.

దూరమెక్కువయైన దారియే కాలము తక్కువయైన దారి యగుట కలదని చెప్పిన, మా తరగతిలో పిల్లలు నవ్వుదురు. దానికి మన దేశపు ఉదాహరణమే కలదు. ఎయిరిండియావారు 2015 డిసెంబరులో ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానము నడుప మొదలిడిరి. అది అట్లాంటికు మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ మీదుగా నడపిరి. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు అధికము. అయినను ఎదురుగాలి తప్పి వెనుకగాలి లభించుటచే ఇంచుమించు పదునాలుగున్నర గంటలలో చేరెను. మునుపటికంటె రమారమి రెండు గంటలు తక్కువ. ఇది విన్న పిదప నవ్వినవారే దూరమును కాలమును వేరువేరుగా అడుగ మొదలిడుదురు.

గాలియే గాక మనుష్యుల కలహములును దారిని వంచుచున్నవి. ఫిన్లాండులోని హెల్సింకి నుండి జపానులోని టోక్యోకు విమానము రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటలలో పోవుచుండెను. 2022 ఫిబ్రవరిలో యుద్ధము ఆరంభమై రష్యా గగనము ఐరోపా విమానములకు మూయబడగా, అదే రెండు పట్టణముల నడుమ ప్రయాణము సుమారు పదమూడు గంటలాయెను. హెల్సింకియు కదలలేదు, టోక్యోయు కదలలేదు. 2025 ఏప్రిలులో పాకిస్థాను గగనము మన దేశపు విమానములకు మూయబడినప్పుడు ఢిల్లీనుండి పడమటికి పోవు ప్రయాణములును అట్లే పొడవయ్యెను. భూగోళమును చదువుట యన్న పర్వతములను నదులను మాత్రమే చదువుట యని తలచువారు ఈ సంగతులను ఏ పాఠమున చేర్తురో మాకు తెలియదు.

ఇంధనమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. సింగపూరునుండి న్యూయార్కునకు ఒక్క యెత్తున పోవుటకై ప్రత్యేకముగా నిర్మించిన ఎయిర్‌బస్ 350 విమానము 1,65,000 లీటర్ల నూనె పట్టగలది. దూరము పెరిగినకొలది నూనె హెచ్చవలెను. ఆ నూనె బరువును మోయుటకే మరికొంత నూనె కావలెను. అందుచేతనే ఆ విమానమున 161 ఆసనములు మాత్రమే ఉంచిరి. అంతకు ముందు 2004 నుండి 2013 వరకు న్యూవార్కునకు నడచిన నాలుగు యంత్రముల విమానము నూనె ఖర్చునకు తాళలేక నిలిచిపోయెను. కావున దూరమను మాటలో ధనము కూడ దాగియున్నది.

టిక్కెట్టుపై గడియారములు చేయు మాయ వేరొకటి కలదు. వేసవిలో న్యూయార్కు గడియారము సింగపూరు గడియారమునకు సరిగా 12 గంటలు వెనుక నుండును. శీతకాలమున 13 గంటలు. వేసవిలో రెండు పట్టణముల గోడగడియారములను పక్కపక్కన పెట్టినచో ముల్లులు ఒక్కచోటనే యుండును. ఇచ్చట పగలైన అచ్చట రాత్రి. సింగపూరులో రాత్రి పదకొండున్నరకు బయలుదేరి పదునెనిమిదిన్నర గంటలు ఎగిరిన విమానము న్యూయార్కులో మరునాటి ఉదయము ఆరు గంటలకు దిగును. కాగితముపై చూచిన ఆరున్నర గంటల ప్రయాణమే. న్యూయార్కులో ఉదయము పదింటికి బయలుదేరి పందొమ్మిది గంటలు ఎగిరినది సింగపూరులో మరునాటి సాయంకాలము అయిదింటికి దిగును. కాగితముపై ముప్పదియొక గంటలు! ఈ తీసివేతను సరిగా చేయనేర్చిన బిడ్డ ఇంటిలో నున్నచో తాతయ్యను ఎదుర్కొనుటకు పోవువారు ఒక పగలు ముందుగా పోయి విమానాశ్రయమున పడిగాపులు పడనవసరము లేదు.

మన పూర్వులు ఈ భేదమును ఎరుగనివారు కారు. ఆమడ, కోసు అని నేలను కొలిచిన మాటలతో పాటు కూతవేటు దూరమనియు, పూట ప్రయాణమనియు, మూడు దినముల దారి యనియు గొంతుతోను పొద్దుతోను కొలిచిన మాటలను వాడిరి. నేటికిని పల్లెలో బస్సు దిగినవానిని "ఎంత దూరమయ్యా?" యని యడిగిన, "గంట ప్రయాణమండి" యని కాలముతోనే బదులు చెప్పును. ఆ జవాబులో బుద్ధి కలదు. 1947 డిసెంబరు 1వ తేదీన సిడ్నీనుండి లండనునకు బయలుదేరిన విమానము డార్విను, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో దిగుచు ఎక్కుచు నాలుగు దినములకు లండను చేరెను. ప్రయాణికులు ఇరువది తొమ్మండుగురు మాత్రమే. 2018 మార్చి నెలలో ఆస్ట్రేలియా పడమటి తీరమందలి పెర్త్ నుండి బయలుదేరిన విమానము ఎచ్చటను ఆగక సుమారు 17 గంటలలో అదే లండనులో దిగెను. భూమి ఒక అంగుళమైనను కుదించుకొనలేదు.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. కూతురి కాన్పునకో, మనుమని చూచుటకో మన తల్లులు ఒంటరిగా ఈ దీర్ఘ ప్రయాణములు చేయుచున్నారు. ఇంటిలోనివారు ఫోనులో విమానపు గీతను చూచుచు కూర్చుందురు. పడమటి దేశమునకు పోవలసిన విమానము తూర్పునకు తిరిగినదనియు, మంచుగడ్డల వైపు పోవుచున్నదనియు చూచి, దారి తప్పినదేమో యని రాత్రియంతయు నిద్రలేక యున్న కుటుంబములను మేమెరుగుదుము. గ్లోబును ఒక్కసారి చేత పట్టియున్నచో ఆ భయము పుట్టదు. రెండవ మాట దేహమును గూర్చినది. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండి చేయు ప్రయాణమువలన కాలి సిరలలో రక్తము గడ్డకట్టు అపాయము సుమారు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2007లో ప్రకటించిరి. ఆరోగ్యవంతులలో అట్టి ప్రయాణములు ఆరువేలలో ఒకదానియందు మాత్రమే ఇది కనబడునట. కావున భయపడి ప్రయాణము మానవలదు. అయినను పదునెనిమిది గంటల ప్రయాణమని తెలిసినప్పుడు నడుమ నడుమ లేచి నడచుట, మడమలు ఆడించుట, నీరు త్రాగుట మరువరాదు. పూర్వము కాలికి జబ్బు చేసినవారు, క్రొత్తగా శస్త్రచికిత్స జరిగినవారు బయలుదేరుటకు ముందు వైద్యుని అడుగవలెను.

పాఠ్యప్రణాళిక పెద్దదనియు, గ్లోబు ముట్టించినచో పిల్లలు పగులగొట్టుదురనియు, ఫోను ఉండగా ఈ శ్రమయేల యనియు మా సహోపాధ్యాయులలో కొందరందురు. ప్రణాళిక పెద్దదే. కాని పైన చెప్పిన 138 డిగ్రీల లెక్కకు మాకు పట్టినది ఒక్క పీరియడు. పగులు భయమునకు మేము చెప్పు జవాబు: బీరువాలో దుమ్ముపట్టిన గ్లోబుకంటె పిల్లల చేతులలో రంగు పోయిన గ్లోబు మేలు. ఫోనును మేము ద్వేషించుట లేదు. లెక్క సరిచూచుటకు దానినే తెప్పించుచున్నాము. మా విన్నప మేమనగా, వచ్చు సంవత్సరము ఆరవ తరగతి మొదలు ప్రతి తరగతికిని ఒక గ్లోబు ఉండవలెను. పరీక్షలో దూరములను ఏకరువు పెట్టించుట మాని, ఒక దూరమును ఒక కాలమును ఇచ్చి ఆ రెండును ఏల పొసగలేదో వ్రాయుమని యడుగవలెను. తలకొక పది రూపాయలు చేర్చినను చాలునని కొందరు తల్లిదండ్రులు మాతో ననిరి. వారి మాట యాజమాన్యమువారి చెవిని పడునని ఆశించుచున్నాము.

అంతవరకు విద్యార్థులు ఊరకుండ నక్కరలేదు. సెలవులలో ఎవరి యింటనైన గ్లోబు దొరికినచో ఒక పురికొస తీసికొని, ఒక కొనను సిడ్నీపైనను రెండవ కొనను దక్షిణ అమెరికాలోని శాంటియాగోపైనను ఉంచి బిగువుగా లాగుడు. ఆ రెండు పట్టణములును ఇంచుమించు ఒక్క యక్షాంశముననే యున్నవి. గోడమ్యాపుపై వాని నడుమ గీత తిన్నగా అడ్డముగా పోవును. పురికొస మాత్రము దక్షిణమున ఎంత క్రిందికి దిగునో, ఏ మంచుఖండపు దరికి పోవునో గుర్తు వేసికొని, పాఠశాల తెరచిన దినమున మాకు చూపుడు.